ఎల్‌కేజీ పిల్లలకు ఆరోగ్యం గురించి ఎలా చెప్తున్నారు? చార్టులతో నావల్ల కావట్లేదు

ప్రశ్న (కావలి టీచర్):
కావలి దగ్గర ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో ఎల్‌కేజీకి చెప్తున్నాను. 26 మంది పిల్లలు, ఒకటే గది, బయట ఆడుకోవడానికి ఉన్న జాగాలో ఆటోలు ఆపుతారు. ఈ నెల ఆరోగ్యం, వ్యాయామం పాఠం. గోడకు చార్టు పెట్టాను, ఒక పక్క పళ్ళు, ఆకుకూరలు, గుడ్డు, ఇంకో పక్క చిప్స్, నూడుల్స్, కూల్‌డ్రింకు. ఏది మంచిది ఏది చెడ్డది అని అడిగితే అందరూ గొంతెత్తి చెప్తున్నారు, పాఠం బాగా ఎక్కిందనే అనుకున్నాను.

పోయిన వారం అన్నాల బెల్లులో ఒక బాబు బాక్సు తెరిస్తే నూడుల్స్ ఉన్నాయి. ఐదారుగురు చుట్టూ మూగి "చెడ్డది చెడ్డది" అని అరిచారు. వాడు ఏడవలేదు, మూత మెల్లగా పెట్టేసి బాక్సును కాళ్ళ మధ్య దాచుకుని కూర్చున్నాడు, సాయంత్రం దాకా ఏమీ తినలేదు. వాళ్ళమ్మ తెల్లవారుజామునే రొయ్యల కంపెనీ బస్సెక్కి పోతుంది, ఉన్న టైములో ఏది కుదిరితే అది పెట్టి పంపుతుంది. ఆ మాట పిల్లలకు నేర్పింది నేనే కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పెద్దగా పెట్టకుండా ఈ గదిలోనే చేయించేవి ఏమైనా చెప్పండి.

జవాబు 1 (అంగన్‌వాడీ టీచర్, కనిగిరి వైపు):
అమ్మా, ముందు ఆ చార్టు తీసెయ్. నాలుగేళ్ళ పిల్లకి తిండి చెడ్డది అంటే పెట్టిన అమ్మ చెడ్డది అనే అర్థమవుతుంది. మా సెంటర్లో మేము చేయించేది ఆకు దూయడం. మునగరొట్ట తెచ్చి మధ్యలో పోస్తాం, పిల్లలు చుట్టూ కూర్చుని ఈనె పట్టుకుని ఆకు దూస్తారు. అదే ఆకు పప్పులో పడితే "నేను దూసిందే" అని వెతుక్కుని మరీ తింటారు, అంతకు ముందు పప్పులో పచ్చగా కనిపిస్తే చాలు పక్కకు తీసేసేవాళ్ళు. ఉడికిన గుడ్డు కూడా పెంకు వాళ్ళ చేతే తీయిస్తాను. వేళ్ళకు బలం, పలక మీద బలపం పట్టుకోవడానికి పనికొస్తుంది.

చేతులు కడగడానికి పసుపు వాడు. అరచేతిలో చుక్క కొబ్బరినూనె, చిటికెడు పసుపు వేసి రెండు చేతులూ రుద్దమను. ముందు ఉత్త నీళ్ళతో కడగమంటే పోదు. తర్వాత ఒంటిసబ్బు ఇస్తే, సబ్బు తగలగానే పసుపు ఎర్రగా తిరుగుతుంది, పారాణి లాగా. అది చూసి పిల్లలు నోరు తెరుచుకుని నిలబడిపోతారు! కడిగాక గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు మిగిలే ఉంటుంది, మురికి దాక్కునేది అక్కడేనని నువ్వు చెప్పక్కర్లేకుండానే వేలు పెట్టి చూపిస్తారు. కనీసం 20 సెకన్లు రుద్దించు. గోళ్ళు కత్తిరించమని ఆ రోజే ఇళ్ళకు చెప్పి పంపు.

ఇంకోటి, మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, పెద్దవాళ్ళ పళ్ళ మీద గారలు నువ్వూ చూసే ఉంటావు. పేస్టులోనూ ఆ ఫ్లోరైడే ఉంటుంది, అందుకే పళ్ళు తోమే ఆటలో పేస్టు బఠానీ గింజంతే పెడతాం, మింగకుండా ఉమ్మడం నేర్పిస్తాం.

జవాబు 2 (పీఈటీ, ఒంగోలు):
టీచర్ గారూ, గది చిన్నదైనా ఇబ్బంది లేదు. ఒక గోనెసంచి తెచ్చుకోండి. ఒకరు దాని మీద కూర్చుంటారు, ఇద్దరు ముందు కొస పట్టుకుని వంగి లాగుతారు. మా పిల్లలు దీన్ని బండలాగుడు అంటారు, సంక్రాంతికి ఒంగోలు గిత్తల పందెం చూసినవాళ్ళేగా. నున్నటి గచ్చు మీద బాగా జరుగుతుంది, కూర్చున్నవాళ్ళు వెనక్కి పడకుండా మీరు పక్కనే ఉండండి. కాళ్ళు, నడుము, చేతులు అన్నీ పనిచేస్తాయి, అల్లరిపిల్లలు ఆ తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా కూర్చుంటారు, ఇది నేను చాలాసార్లు చూశాను. ఎండ్రకాయ నడక (చేతులు వెనక్కి ఆనించి పక్కకు నడవడం), పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగో కొంగలా ఒంటికాలి మీద నిలబడడం కూడా పెట్టండి, జాగా అక్కర్లేదు.

ఆడే ముందు ఒకసారి, ఆడాక ఒకసారి చెయ్యి గుండె మీద పెట్టించండి. ఒక పాప నాతో "సార్, లోపల ఎవరో తలుపు కొడతా ఉండారు" అంది. వ్యాయామం అంటే ఏంటో ఆ పాపకు ఇంక వేరే చెప్పాలా?

లెక్క కావాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజంతా కలిపి కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలి, అందులో 60 నిమిషాలు రొప్పు వచ్చేలా. నిద్ర 10 నుంచి 13 గంటలు, టీవీ, ఫోన్ గంటకు మించకూడదు. 180 అని భయపడకండి, అక్షరాలు చెప్పేటప్పుడు కూడా నిలబెట్టి గెంతిస్తూ చెప్తే అదీ కలుస్తుంది. ఎండలు ముదిరాక మాత్రం బయటికి తీసుకెళ్ళేది పది లోపే.

జవాబు 3 (ఇద్దరు పిల్లల అమ్మ, నెల్లూరు):
మా బాబు స్కూల్లో ఇలాంటి పాఠమే విని వచ్చి వాళ్ళ నాయనమ్మ పెట్టిన ఊరగాయ అన్నం చెడ్డదని తోసేశాడు. ఆమె "ఏందబ్బయ్యా, నీకు పెట్టింది విషమా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అలాగని చిప్స్ గురించి ఏమీ చెప్పొద్దంటే నేను ఒప్పుకోను. "రోజూ తినేవి, ఎప్పుడో ఒకసారి తినేవి" అంటే సరిపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లల్ని చూపించి ఎవరూ ఏమీ అనకుండా చూడండి మేడమ్, మా పాప యూకేజీలోనే అది పడింది. ఇంకో జాగ్రత్త, ఆరోగ్యం కదా అని వేరుశనగపప్పులు, ద్రాక్షపళ్ళు అలాగే ఇవ్వకండి, ఐదేళ్ళ లోపు పిల్లలకు గొంతులో అడ్డం పడతాయి. పప్పులు పొడి కొట్టి, ద్రాక్ష నిలువుగా కోసి ఇవ్వండి.

కావలి టీచర్:
అందరికీ చాలా థ్యాంక్స్. చార్టు తీసేశాను. నిన్న బండలాగుడు పెట్టాను, ఆ నూడుల్స్ బాబు నాలుగుసార్లు లాగాడు, ఐదోసారి కూడా నేనేనని సంచి వదలడు. అన్నం టైములో వాడి బాక్సులో ఏముందో ఎవరూ చూడలేదు, అందరూ ఆకలి మీద ఉన్నారు. వాళ్ళమ్మతో ఆదివారం మాట్లాడతాను, టిఫిన్ గురించి ఎత్తను, పిల్లోడు ఎంత బలంగా లాగాడో చెప్తాను. అంగన్‌వాడీ అక్కా, ఒక్క డౌటు, పసుపు తెల్ల యూనిఫాం మీద పడితే ఎలా?

అంగన్‌వాడీ టీచర్:
సబ్బు పెట్టి ఉతికి ఎండలో ఆరేయమను. ఉతికినప్పుడు మరక ఎర్రబడిందని కంగారు పడొద్దను, ఎండకు వెలిసిపోతుంది, మన ఎండకైతే ఒకటి రెండు పూటలు చాలు.