హిప్ హాప్ నిజంగా దిగజారిందా, మనకే వయసు మీద పడిందా?

క్యాసెట్ మనిషి:
నిన్న రాత్రి మా తమ్ముడితో గొడవైంది. వాడు పెట్టిన కొత్త ర్యాప్ పాట రెండు నిమిషాలు కూడా లేదు. సగం హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే లైను), మిగతా సగం గొణుగుడు. "ఏమంటున్నాడ్రా వీడు?" అంటే "మాటలు పట్టించుకోకన్నా, వైబ్ విను" అన్నాడు. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ది మెసేజ్'లో పేదవాడల బతుకుని ఏడు నిమిషాలు చెప్పింది. 1987లో ర్యాపర్ రకీమ్ ప్రాసని లైను చివరి నుంచి లాక్కొచ్చి మధ్యలో కూడా మోగించాడు. 1994లో ర్యాపర్ నాస్ ఆల్బమ్ 'ఇల్‌మాటిక్' పది ట్రాకులు, నలభై నిమిషాలు, తీసేయాల్సిన పాట ఒక్కటీ లేదు. ఇప్పుడు పాతిక పాటల ఆల్బమ్ వింటే మూడు గుర్తుంటాయి. తరం మారినప్పుడల్లా ఒక మెట్టు దిగుతూనే ఉంది. కాదనేవాళ్లు రండి.

బీట్ పిచ్చి:
వచ్చాను. క్యాసెట్ గారూ, మీరు చెప్పినవన్నీ ముప్పై నలభై ఏళ్లు జల్లెడ పట్టాక మిగిలినవి. తమ్ముడిది ఇంకా జల్లెడలో పడని సరుకు. రెండిటినీ పక్కపక్కన పెడితే ఎలా? 1990లో అమెరికా ఆల్బమ్ చార్టులో 21 వారాలు పైన కూర్చున్నది ఎవరు? ఎమ్‌సీ హామర్. అదే ఏడాది నంబర్ వన్ పాటల్లో వెనిల్లా ఐస్ 'ఐస్ ఐస్ బేబీ' ఒకటి. ఆ కాలాన్ని తలచుకునేటప్పుడు ఈ రెండు పేర్లూ ఎవరి నోటా రావు. 'ఇల్‌మాటిక్'కి ప్లాటినమ్ గుర్తింపు (అమెరికాలో పది లక్షల కాపీలు) రావడానికి 2001 దాకా పట్టింది.

ఇంకోటి. 1979లో ర్యాప్‌ని ఊరూరా తెలిసేలా చేసిన 'ర్యాపర్స్ డిలైట్' ఉంది కదా, అందులో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన మాటలు మరో ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ తన మాటలు రాసుకున్న పుస్తకంలోవి. కాపీ కొట్టేటప్పుడు పేరైనా మార్చుకోవాలన్న ఆలోచన రాలేదు. క్యాజ్ వాడుకునే 'క్యాసనోవా' పేరుని అక్షరం అక్షరం స్పెల్లింగ్‌తో సహా పాడేశాడు! అవీ మన బంగారు రోజులు.

క్యాసెట్ మనిషి:
ఒక దొంగతనం చూపించి మొత్తం కాలాన్ని కొట్టేస్తే కుదరదు బ్రదర్. క్యాజ్ రాసిన మాటల్లో సరుకుంది కాబట్టే దొంగిలించాడు. ఇప్పటివి ఎవరు దొంగిలిస్తారు?

శాంపిల్ వేటగాడు:
హహ, ఈ దెబ్బ బాగా తగిలింది. కానీ ఇద్దరూ ర్యాపర్ల చుట్టూనే తిరుగుతున్నారు. బీటు కింద ఏం మారిందో చూడండి.

పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందానికి బీట్లు కట్టిన బాంబ్ స్క్వాడ్ ఒక్కో పాటలో ఎన్నో పాత రికార్డుల ముక్కల్ని (వీటినే శాంపిల్స్ అంటారు) ఒకదాని మీద ఒకటి పేర్చేది. ఒకచోట డ్రమ్ దెబ్బ, ఒకచోట అరుపు, ఇంకోచోట అర సెకను ట్రంపెట్. 1989, 90ల్లో అలా చేయడం కుదిరింది. 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ మీద కేసు పడింది, గాయకుడు గిల్బర్ట్ ఓ సలివన్ పాట అనుమతి లేకుండా వాడాడని. జడ్జి తీర్పుని బైబిల్‌లోని 'దొంగిలకూడదు' అన్న ఆజ్ఞతోనే మొదలుపెట్టాడు. ఆ తర్వాత ప్రతి ముక్కకీ ముందే అనుమతి, ముందే డబ్బు. ముక్కకి ఇంత అని కట్టాలంటే పాటలో ఇరవై ముక్కలు ఎవరు పెడతారు? ఒకటో రెండో లూపులతో (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలతో) సరిపెట్టుకున్నారు, లేదా కీబోర్డు ముందేసుకున్నారు. బిజ్ మార్కీ తన తర్వాతి ఆల్బమ్‌కి 'ఆల్ శాంపిల్స్ క్లియర్డ్!' (అన్ని శాంపిల్స్‌కీ అనుమతి ఉంది!) అని పేరు పెట్టాడు. నాకు తెలిసి హిప్ హాప్‌లో అంతకన్నా మంచి వెటకారం లేదు.

పాతిక పాటల సంగతీ అంతే. 2014 చివర్లో అమెరికా చార్టులు వేసే బిల్‌బోర్డ్ లెక్క మార్చింది. అప్పట్లో 1,500 స్ట్రీముల్ని ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానం చేసింది. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటితే ఒక స్ట్రీమ్. పాట చిన్నదై, ఆల్బమ్ పెద్దదైతే ఎవరికి లాభం? 2018లో డ్రేక్ 'స్కార్పియన్'లో 25 ట్రాకులు. 2019లో 'ఓల్డ్ టౌన్ రోడ్' అసలు వెర్షన్ రెండు నిమిషాల లోపే, రీమిక్స్‌తో కలిపి 19 వారాలు నంబర్ వన్. ప్రతిభ తగ్గిందని నేను ఒప్పుకోను. కొలిచే తూకం మారింది, సరుకు దానికి తగ్గట్టు తయారవుతోంది.

బీట్ పిచ్చి:
అదీ మాట. నిడివి కావాలంటే 2015లో కెండ్రిక్ లమార్ 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' దాదాపు 79 నిమిషాలు. 2018లో అతని 'డ్యామ్' ఆల్బమ్‌కి అమెరికాలో పేరున్న పులిట్జర్ సంగీత బహుమతి ఇచ్చారు. అంతకుముందు ఆ సంగీత బహుమతి క్లాసికల్, జాజ్ దాటి బయటికి రాలేదు.

క్యాసెట్ మనిషి:
కెండ్రిక్ పేరు వస్తుందని తెలుసు. ఎప్పుడూ ఆ ఒక్క పేరే వస్తుంది. అదే నా బాధ.

తాళం తప్పని అమ్మాయి:
గొణుగుడు గురించి ఒక్క మాట చెప్తాను. మీరు గొణుగుడు అంటున్నదాన్ని చప్పట్లు కొడుతూ వినండి. బీటు నాలుగు లెక్కలో నడుస్తుంటే గొంతు దాని మీద మూడేసి అక్షరాలుగా దొర్లుతుంది. మన లెక్కలో చతురశ్రం మీద తిశ్రం అన్నమాట. మీగోస్ అనే ర్యాప్ బృందం వల్ల అందరికీ పట్టింది గానీ, అమెరికాలోని మెంఫిస్‌లో త్రీ సిక్స్ మాఫియా బృందం 90ల్లోనే చేసింది. మాట అర్థం కాకపోతే పనితనం లేదని కాదు, పని గొంతులోంచి డ్రమ్ములోకి మారింది. అయినా 'హిప్ హాప్ ఈజ్ డెడ్' అని 2006లో ఆల్బమ్ తెచ్చింది మీ నాసే. అప్పటినుంచి శవం బాగానే పాడుతోంది.

క్యాసెట్ మనిషి:
మీరు చెప్పినట్టే తమ్ముడి పాట మళ్లీ పెట్టి బల్ల మీద వేళ్లతో కొట్టాను. రెండో వెర్స్‌లో (చరణంలో) మూడేసి వస్తున్నాయి, నిజమే. ఒకచోట కావాలనే అర బీటు ఆలస్యంగా దిగాడు, మొదటిసారి అది తప్పనుకున్నాను. సరే, గొణుగుడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అంత బాగా తాళం తెలిసినవాడు మూడో వెర్స్ ఎందుకు రాయలేదు? ముప్పై సెకన్ల లెక్క అని మాత్రం చెప్పొద్దు, అది నాకు ఇంకా ఎక్కువ కోపం తెప్పిస్తుంది.