అప్‌డేట్: తమ్ముడి చేతిలోని సిలికాన్ నక్షత్రం తీయించేశాం

పర్లాకిమిడి నుంచి పోయిన నెల అడిగాను: తమ్ముడు అలంకారం కోసం ముంజేతి చర్మం కింద నక్షత్రం ఆకారపు సిలికాన్ ముక్క పెట్టించుకున్నాడు, 3వ వారంలో వాపు మళ్లీ పెరిగింది, ఆగి చూడాలా, వైద్యుడి దగ్గరికి వెళ్లాలా అని. వెంటనే వెళ్లమన్న వారందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

మర్నాడే బరంపురం వెళ్లాం. అప్పటికే నక్షత్రం ఒక కొన మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి, నీలంగా మెరుస్తోంది. లోపలి ఒత్తిడికి అక్కడ రక్తం సరిగా అందడం లేదట. ఇంకా ఆగితే చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చేదన్నారు సర్జన్. మందులతో నయం కాదా అని అమ్మ పదే పదే అడిగింది. సిలికాన్ మీద సూక్ష్మజీవులు పొరకట్టి కూర్చుంటే యాంటీబయాటిక్ వాటిని పూర్తిగా చంపలేదనీ, ముక్క తీయాల్సిందేననీ ఆయన ఓపికగా చెప్పారు. తీసేశారు. ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా వేశారు. ముక్క పెట్టినవాళ్లు అప్పుడు ఆ ఇంజెక్షన్ ఊసే ఎత్తలేదు.

తప్పులు మావీ ఉన్నాయి. గాయం మానకముందే వాడు మహేంద్రతనయ నదిలో ఈతకు దిగాడు. అమ్మ పసుపు అద్దింది. ముక్క కదులుతోందేమోనని వాడు రోజూ వేలితో నొక్కి చూసేవాడు.

ముక్క తీయించి ఇప్పటికి 12వ రోజు. గాయం పొడిగా ఉంది, జ్వరం లేదు. చిటికెన వేలి పక్క తిమ్మిరి మాత్రం పోలేదు. నరం నలిగి ఉండవచ్చట, తగ్గడానికి నెలలు పట్టవచ్చట. రాత్రిళ్లు వాడు ఆ వేలిని రుద్దుకుంటూ కూర్చుంటే నాకు నిద్ర పట్టడం లేదు. సోమవారం మళ్లీ చూపిస్తాం.