స్వాపీనెస్ సెట్టింగుకు సహాయ వివరణ: ఈ మాటలు సరిపోతాయా?

ప్రశ్న

నమస్కారం. లినక్స్ సర్వర్ల నిర్వహణలోకి కొత్తగా వచ్చేవారి కోసం కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మెమరీ సెట్టింగులకు తెలుగులో సహాయ వివరణలు రాస్తున్నాను. స్వాపీనెస్ విలువ పెరిగే కొద్దీ కెర్నల్ దూకుడుగా స్వాప్ చేస్తుందని, అంటే ర్యామ్‌లోని డేటాను సాధారణంగా డిస్కు మీద ఉండే స్వాప్ స్థలానికి తరలిస్తుందని పాత వివరణల్లో ఉంది. దాన్ని బట్టి, విలువ 60 అంటే ర్యామ్ 40 శాతం మిగలగానే స్వాపింగ్ మొదలవుతుందని మా బృందంలో చాలామంది నమ్ముతున్నారు. కానీ 16 జీబీ సర్వరు ఒకదానిలో ఖాళీ మెమరీ కొన్ని వందల ఎంబీలకు పడిపోయినా స్వాప్ వాడకం సున్నాగానే ఉంది. ఇదెలా సాధ్యం?

సమాధానం 1

ఆ శాతం లెక్కను వివరణలోంచి పూర్తిగా తీసేయండి. పేజీలను (మెమరీలోని చిన్న ముక్కలను) విడిపించే పని ఎప్పుడు మొదలుకావాలో నిర్ణయించేవి వాటర్‌మార్కులు, అంటే ఖాళీ మెమరీకి కెర్నల్ పెట్టుకున్న హద్దులు. ఖాళీ పేజీలు కింది మార్కు కన్నా తగ్గితే కేస్వాప్‌డీ అనే కెర్నల్ నేపథ్య ప్రక్రియ మేలుకొని, పై మార్కు చేరేదాకా పనిచేస్తుంది. అప్పుడు ప్రోగ్రాముల హీప్, స్టాక్ వంటి పేజీలను స్వాప్‌కు పంపాలా, డిస్కు నుంచి మళ్లీ చదువుకోగల ఫైల్ పేజీలను వదిలేయాలా అన్న తూకంలోనే స్వాపీనెస్ పాత్ర ఉంటుంది. విలువ 60 అయితే ఆ తూకం మొత్తం 200లో స్వాప్‌కు 60, ఫైల్ పేజీలకు 140గా మొదలై, ఇటీవల ఏ రకం పేజీలను మళ్లీ మళ్లీ తెచ్చుకోవలసి వచ్చిందో దాన్ని బట్టి మారుతుంది. పైగా, కొంతకాలంగా ఎవరూ తాకని ఫైల్ పేజీలు పుష్కలంగా ఉంటే కెర్నల్ ఈ తూకం జోలికి పోకుండా ముందు వాటినే వదిలేస్తుంది. మీ సర్వరులో జరిగింది బహుశా ఇదే.

సమాధానం 2

100 దాటిన విలువలనూ తప్పక వివరించండి. జెడ్‌ర్యామ్ (డేటాను కుదించి దాచే పద్ధతి) వంటి స్వాప్ ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి, డిస్కు నుంచి ఫైలు చదవడం కన్నా దానికయ్యే ఖర్చు తక్కువ. స్వాప్ పరికరం సగటున రెండింతలు వేగంగా ఉంటే 133 పెట్టమని కెర్నల్ పత్రాలే సూచిస్తాయి, ఎందుకంటే 200ను ఒకటికి రెండు పాళ్లుగా పంచితే పెద్ద పాలు అంతే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇలా రాశాను: “మెమరీ పేజీలను విడిపించవలసి వచ్చినప్పుడు, ఫైల్ పేజీలను మళ్లీ చదవడంతో పోలిస్తే స్వాప్‌కు ఎంత ఖర్చవుతుందో ఈ విలువ కెర్నల్‌కు చెబుతుంది. 100 అంటే రెండూ సమానం. తగ్గితే స్వాప్ ఖరీదు, పెరిగితే చవక. స్వాపింగ్ ఎప్పుడు మొదలుకావాలో ఇది నిర్ణయించదు.”

సమాధానం 3

చాలా బాగుంది. రెండు వాక్యాలు చేర్చండి. మొదటిది, 0 పెట్టినంత మాత్రాన స్వాప్ ఆగిపోదు. ఖాళీ పేజీలు, ఫైల్ పేజీలు కలిపినా ఒక జోన్‌లో (కెర్నల్ మెమరీని విభజించుకున్న భాగాల్లో ఒకదానిలో) పై వాటర్‌మార్కు కన్నా తగ్గిపోతే కెర్నల్ అప్పుడు స్వాప్ చేస్తుంది. సున్నా అనగానే స్వాప్ నిషేధమని అనుకొని, డేటాబేస్ సర్వర్లలో నిశ్చింతగా ఉండేవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ వాక్యాన్ని పైనే ఉంచండి. రెండోది, 200 వరకు వెళ్లే వీలు 2020లో వచ్చిన 5.8 కెర్నల్ నుంచే ఉంది. అంతకు ముందువాటిలో గరిష్ఠం 100, దాన్ని మించితే కెర్నల్ తిరస్కరిస్తుంది.