ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఇల్లు ఎలా సర్దుకుంటున్నారు? నా వల్ల కావట్లేదు

సగంఊడ్చినగది:
నాకు 34. పోయినేడు ఏడీహెచ్‌డీ అని తేలింది, అదే, ధ్యాస ఒకచోట నిలవని సమస్య, నాది పరధ్యానం రకం. వారం నుంచి పనావిడ ఊరెళ్లింది. నిన్న హాలు ఊడుద్దామని చీపురు పట్టుకున్నానా, సోఫా కింద పిల్లాడి సాక్సు దొరికింది, దాన్ని బుట్టలో వేద్దామని బెడ్‌రూంలోకి వెళితే కుర్చీ మీద ఉతికిన బట్టల గుట్ట, మడత పెడదామని కూర్చుంటే ఒక చొక్కాకి గుండీ లేదు, సూదీదారం కోసం బీరువా తీస్తే పాత ఫోటోల కవరు. గంటన్నర పోయింది. చీపురు హాలు మధ్యలోనే ఉంది, పక్కనే చెత్త కుప్ప. అసలు పనావిడ ఉన్నా ఆవిడ వచ్చేలోపు నేల మీద సామాను తియ్యాలి కదా, అదే నాకు పెద్ద పని. ఇంకో పదిహేను రోజుల్లో అత్తయ్యగారు వస్తున్నారు. టైంటేబుల్ యాప్‌లు చెప్పకండి, మూడో రోజుకి అవి ఫోన్‌లో ఉన్నాయనే మర్చిపోతా.

మూతలేనిడబ్బా:
అక్కా, ఆ సాక్సు దగ్గరే ఆగాలి. నేను ఊడ్చేటప్పుడు ఒక ఖాళీ బకెట్ వెంట ఈడ్చుకుంటూ తిరుగుతా, ఆ గదిది కానిదేదైనా అందులో పడేస్తా, గది దాటి మాత్రం వెళ్లను. బకెట్ సర్దడం వేరే పని, ఒక్కోసారి రెండు రోజులు అలాగే ఉంటుంది, ఉండనీ. ఇంకోటి, మా ఇంట్లో బట్టల బుట్టకి మూత తీసేశా. మూత తియ్యడం కూడా ఒక పనే మనకి. ఇంట్లో వేసుకునే బట్టలు, లోపలి బట్టలు మడత పెట్టడం మానేశా, తలో బుట్టలో వేసేస్తా, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు. మా అమ్మ చూసి మూతి తిప్పింది, అంతే.

పాతకాలపుమనిషి:
ఇవన్నీ ఇప్పటి పేర్లు. మా అమ్మ ఐదుగురు పిల్లల్ని పెట్టుకుని తెల్లారేసరికి ముగ్గేసేది. బద్ధకానికి డాక్టరెందుకు?

రాత్రిషిఫ్ట్:
పెద్దాయనా, బద్ధకమైతే హాయిగా పడుకుంటారు, ఆవిడ గంటన్నర తిరుగుతూనే ఉంది. డాక్టర్లు కూడా ఊరికే అనరు, 12 ఏళ్లలోపే లక్షణాలున్నాయా అని చిన్నప్పటి సంగతులన్నీ అడుగుతారు.
అక్కా, మందు వాడుతుంటే ఒకటి చూసుకోండి. నాది మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్ర, నాలుగు గంటలు అటూఇటూ పనిచేస్తుంది. ఆ టైమంతా ఆఫీసుకి పెట్టి, అది దిగాక రాత్రి తొమ్మిదికి సింక్ ముందు నిలబడి ఏడ్చేదాన్ని. ఇప్పుడు గిన్నెలు పొద్దున్నే. మాత్ర వేళలు మాత్రం డాక్టర్నడక్కుండా మార్చొద్దు. ఆదివారం మా చెల్లికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెడతా, అది విశాఖలో వంటగట్టు తుడుస్తుంది, నేనిక్కడ బాత్‌రూం కడుగుతా. పెద్దగా మాట్లాడుకోం కూడా. అవతల ఒక మనిషి ఉంటే చాలు, పని సాగుతుంది, ఎందుకో మరి.

సగంఊడ్చినగది:
బకెట్ పట్టుకుని హాలు పూర్తి చేశా! బకెట్లో ఏముందో చెప్పనా, రిమోట్, రెండు గరిటెలు, మొన్నట్నుంచి వెతుకుతున్న కరెంటు బిల్లు. గడువు నిన్నటితో అయిపోయింది. చెల్లెళ్లు లేరు నాకు, అత్తయ్యగారొచ్చాక ఆవిడనే వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెడతా, ఎలాగూ చూస్తూనే ఉంటారు.