అప్‌డేట్: హాలుకీ వంటింటికీ మధ్య గోడ కొట్టొచ్చా?

మార్చిలో అడిగాను, గుర్తుందో లేదో. గుంటూరులో నాన్నగారు 1987లో కట్టించిన డాబా. హాలుకీ వంటింటికీ మధ్య 3 అడుగుల గుమ్మాన్ని 8 అడుగులు చేద్దామనుకున్నాం. సమాధానమిచ్చిన అందరికీ థాంక్స్. "మేస్త్రీ మాట కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

ఇంజినీర్‌గారు వచ్చి మొదట మేడెక్కారు. మా గోడకి సరిగ్గా నెత్తిమీదే పైగది గోడ! తర్వాత స్లాబ్ కింద జానెడు మేర ప్లాస్టరింగ్ చెక్కించారు. బీమ్ లేదు, ఇటుక మీద నేరుగా స్లాబే కూర్చుంది. ఇంట్లో ఎక్కడా పిల్లర్లూ లేవు. అంటే బరువు మోసే గోడే. మేస్త్రీ మాత్రం "ఏం కాదు సార్, రెండ్రోజుల్లో లేపేస్తా" అన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అప్పుడు కొందరు చెప్పిన, గోడ తట్టి శబ్దం వినమన్న చిట్కా ఇటుక గోడకి దండగ. గోడ మందం 9 అంగుళాలా, నాలుగున్నరా అన్న చర్చతోనూ ఏమీ తేలలేదు. పాత ఇళ్లలో సన్నగోడ మీద కూడా స్లాబ్ ఆనించిన సందర్భాలు ఇంజినీర్‌గారు చూశారట.

చివరికి 5 అడుగులతో సరిపెట్టుకున్నాం. గోడకి రెండువైపులా స్లాబ్ కింద జాకీలు బిగించి, కొత్త కాంక్రీట్ లింటెల్‌ని (గుమ్మం పైన గోడ బరువు మోసే అడ్డదూలం) అటూ ఇటూ 9 అంగుళాలు గోడలోకి ఆనేలా పోశారు. జాకీలు మూడు వారాలు తీయనివ్వలేదు. అన్నాళ్లూ అమ్మ వాటి మధ్యలోంచే వంకరటింకరగా కాఫీ గ్లాసులు తెచ్చింది. నిన్నే తీశారు, పగుళ్లేమీ లేవు.