అప్‌డేట్: చివరికి రికో జీఆర్ 3 కెమెరా కొన్నా

పెద్ద కెమెరా ఎత్తగానే జనం పోజులిస్తున్నారు, కంటపడనిది ఏదైనా చెప్పండని అడిగాను కదా. ఎక్కువమంది ఫూజీ ఎక్స్100వి అన్నారు. మంచిదే, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ కూడా ఉంది, కానీ 478 గ్రాములు, జేబులో పట్టదు. బ్యాటరీతో కలిపి 257 గ్రాములే ఉండే జీఆర్ 3 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

నెల్లూరు రొట్టెల పండగలో వాడాను. స్నాప్ ఫోకస్ (ముందే అనుకున్న దూరానికి ఫోకస్ ఫిక్స్ చేయడం) 1.5 మీటర్లకి, అపర్చర్ ఎఫ్8లో (ఆ దూరానికి కాస్త ముందూ వెనకా కూడా స్పష్టంగా వస్తుంది) పెట్టుకుంటే ఇక బటన్ నొక్కడమే. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవాళ్లు ఫోన్ అనుకున్నారో ఏమో, పట్టించుకోలేదు. తీశాక ఒకావిడకి చూపిస్తే "వాట్సాప్‌లో పెట్టు నాయనా" అంది. లెన్స్ 28 ఎంఎం (వైడ్, మనుషులు చిన్నగా పడతారు) కాబట్టి బాగా దగ్గరికెళ్లాలి, అంటే నీళ్లలోకి దిగాలి. నీళ్లూ దుమ్మూ లోపలికి పోకుండా ఆపే వెదర్ సీలింగ్ లేదు, అదే టెన్షన్. బ్యాటరీ మరీ అన్యాయం, స్పేర్ లేకుండా వెళ్లకండి.