అప్‌డేట్: 500 మందితో టెస్ట్ పాసైన సైట్ సంక్రాంతి సేల్‌లో ఎందుకు ఆగిందంటే

నేను అడిగింది ఇది: ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు అమ్మే మా సైట్‌ని జేమీటర్‌లో (సైట్‌పై ఉత్తుత్తి రద్దీ సృష్టించే టూల్) 500 థ్రెడ్లతో, అంటే 500 మంది ఉత్తుత్తి కస్టమర్లతో పరీక్షిస్తే ఏ ఇబ్బందీ లేదు, సేల్ రోజు మాత్రం ఆగిపోయింది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు, కారణం దొరికింది.

నా స్క్రిప్టులో అందరూ ఒకే గరిటె పేజీని క్షణం ఆగకుండా తెరుస్తున్నారు. మొదటిసారి తర్వాత అది క్యాష్ (cache, ముందే దాచి ఉంచిన కాపీ) నుంచే వస్తుంది, డేటాబేస్‌కి పనే పడదు. మనుషులు అలా కొనరు కదా! నెల్లూరులో మా అమ్మకి ఫోన్ ఇచ్చి పక్కనే కూర్చుని చూశాను. వెతికింది, నాలుగు రకాలు చూసింది, కార్ట్‌లో వేసి తీసేసింది, పిన్నిని అడిగి మళ్లీ వచ్చింది.

అందుకే యాక్సెస్ లాగ్ (ఏ పేజీలు తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టా) తీసి, ఊరికే చూసేవాళ్లు, వెతికేవాళ్లు, కొనేవాళ్లు ఏ పాళ్లలో ఉన్నారో అదే జేమీటర్‌లో పనులను వాటాలుగా పంచే థ్రూపుట్ కంట్రోలర్‌లో పెట్టాను. వెతికే మాటలు వాటి జాబితా ఉన్న సీఎస్‌వీ ఫైల్ నుంచి వస్తాయి. పేజీల మధ్య మనుషుల్లా ఒక్కోసారి ఒక్కోలా ఆగడానికి గాసియన్ రాండమ్ టైమర్. ఎంతమంది కావాలో లిటిల్స్ లా (వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణిస్తే ఒకేసారి ఉండేవాళ్లు వస్తారనే సూత్రం) చెప్పింది: సెకనుకు ఇద్దరు వచ్చి ఒక్కొక్కరు 5 నిమిషాలుంటే, ఒకేసారి 600 మంది. పేమెంట్ గేట్‌వేని (డబ్బు తీసుకునే సేవ) నిజం డబ్బు కదలని టెస్ట్ మోడ్‌లోనే ఉంచాను, దయచేసి మీరూ అలాగే చేయండి.

ఈసారి సెర్చ్ దగ్గరే సైట్ ఆగింది. మాట పేరులో ఎక్కడున్నా పట్టేలా రాసిన క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతోంది. ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌కి (ఏ మాట ఎక్కడుందో చెప్పే సూచిక) మార్చాక అదే లోడ్‌కి నిలబడింది, పెద్ద టెన్షన్ తీరింది. చివరి గరిటె కోసం పదిమంది ఒకేసారి డబ్బు కడితే స్టాక్ లెక్క ఏమవుతుందో ఇంకా పరీక్షించాలి. ఈ వారం ఆ పనిలోనే ఉంటాను.